నెత్తురు ఆగని జబ్బు: మూగజీవుల సాక్ష్యము

(బైరెడ్డిపల్లె సంఘ కూడికలో చేసిన ప్రసంగము)



మన పల్లెలలో ఎవరికైన పెద్ద జబ్బు చేసినయెడల వేలూరు బస్సు ఎక్కుదురు. 1900లో ఐడా స్కడ్డర్ దొరసానిగారు ఒక్క మంచముతో ఆరంభించిన ఆసుపత్రి అది. అక్కడ జరిగిన ఒక పనిని గూర్చి నేడు చెప్పగోరుచున్నాము.

మా సంఘములో ఒక తల్లి ఉన్నది. ఆమె కుమారునికి కొంచెము దెబ్బ తగిలినను మోకాలు ఉబ్బును, నెత్తురు ఆగదు. "అయ్యగారూ, నా కడుపే మంచిది కాదంటుండారు" అని ఆమె ఏడ్చినది. మేము ప్రార్థన చేసి పంపితిమి గాని రక్తపరీక్ష మాట ఎత్తలేదు. ఆ తప్పు మాది.

జబ్బు పేరు హీమోఫీలియా. నెత్తురు గడ్డకట్టుటకు కావలసిన ఎనిమిదవ ఫ్యాక్టరును చేయించు జన్యువు చెడుట వలన వచ్చును. ఆ జన్యువును మోయు తల్లి సాధారణముగా బాగుగనే ఉండును. పుట్టు ప్రతి మగబిడ్డకు మాత్రము రెండింట ఒక పాలు అవకాశము. మేనరికము వలన వచ్చెనని మనవైపు అందురు. మేనరికములో బయటపడు జబ్బులు వేరు. ఇది సుమారు మూడింట ఒక వంతు మందికి ఇంటిలో ముందెవరికి లేకయే వచ్చును.

అమెరికాలోని చాపెల్ హిల్‌లో బ్రింక్‌హౌస్ అను వైద్యుడు 1947 నుండి ఈ జబ్బుతో పుట్టిన కుక్కలను సాకి, వాటికి మంచి కుక్కల ప్లాస్మా ఎక్కించి నెత్తురు ఆపి చూచెను. ఆ కుక్కలును మన పిల్లల వలెనే కీళ్లు వాచి కుంటును. 1995లో ఆ జన్యువు చెరిపిన ఎలుకలు వచ్చెను. వాటికి తోక కోసినచో నెత్తురు ఆగదు. అయితే తనంతట తానే కీళ్లలో కారుట కుక్కలకున్నంతగా ఉండదు. కాబట్టి ఎలుక చెప్పినదంతయు మనుష్యునికి చెల్లదు.

మూగజీవులను ఇట్లు వాడవచ్చునా అని మా యువజనులు అడిగిరి. మేమును సులువుగా అవుననలేకపోతిమి.

వేలూరులో రోగి రక్తములోని మూలకణములను తీసి, హాని చేయకుండ మార్చిన వైరస్ ద్వారా మంచి జన్యువును వాటిలో చేర్చి, తిరిగి అతనికే ఎక్కించిరి. ఆ జన్యువులో కొంత పందిది! పంది భాగము కలిసినప్పుడు ఫ్యాక్టరు ఎక్కువగా ఊరునని ముందు కణములలోను ఎలుకలలోను తేలినది. 5 మందికి చేసిరి. గమనించిన కాలములో నెత్తురు కారలేదని 2024 డిసెంబరులో ప్రకటించిరి. ముందు తీవ్రమైన మందులతో మూలుగను ఖాళీ చేయవలెను గనుక తేలికైన చికిత్స కాదు.

ఆ బిడ్డ ఇప్పుడు ఫ్యాక్టరు సూదులతో బడికి పోవుచున్నాడు. ఆ తల్లికి పెండ్లి కాని చెల్లెలున్నది. ఆమెకును పరీక్ష చేయించుడని రెండుసార్లు ఆ ఇంటికి పోయితిమి. సంబంధములు తప్పిపోవునని పెద్దలు ఇంకను ఒప్పుకొనలేదు. వచ్చే ఆదివారము మరల పోవుదుము.