పూలమొక్కలకు ఇంటి ఊతకఱ్ఱలు

(కళింగపట్నం ప్రాంత పంచాయతీ సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



వంశధార సముద్రమున గలియుచోట వెలసిన ఈ కళింగపట్నమునకు గాలి క్రొత్త కాదు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను ఈ సమీపముననే తీరము దాటినది. అట్టి పెనుగాలికి ఏ ఊతకఱ్ఱయు నిలువదు. కాని పంచాయతీ కార్యాలయముల ముందు, పాఠశాలల ఆవరణలలో పెంచు ముద్దబంతి, చేమంతి, పొద్దుతిరుగుడు మొక్కలు మామూలు గాలివానకే పూల బరువున నేల వాలుచుండును. ఈ నష్టమును పైకము వెచ్చింపకయే నివారింపవచ్చును.

వెదురు బద్దలు గాని, సొంత తోటలలో కొట్టిన సరుగుడు కొమ్మలు గాని చాలును. ఇసుక నేలలో కఱ్ఱ మూరెడు లోతు దిగవలెను. మొక్కను నాటిననాడే దానిని పాతుడు. ఆలసించినచో వేళ్లు తెగును. గాలి వచ్చు వైపున పాతినచో కాండము కఱ్ఱకు ఒరసికొనదు. గోగునారను గాని కొబ్బరిత్రాటిని గాని కఱ్ఱకు బిగువుగా, కాండమునకు వదులుగా, నడుమ ఒక మెలి వేసి కట్టుడు. గుబురు మొక్కలకు చుట్టును మూడు కఱ్ఱలు పాతి, రెండు వరుసలుగా త్రాడు చుట్టుడు.

రెండు సంగతులు మరువకుడు. పూలకై వంగిన పిల్లల కన్నులకు కఱ్ఱమొన తగులవచ్చును. కావున ప్రతి మొనకును పాతగుడ్డ చుట్టి కొబ్బరిచిప్ప బోర్లించుడు. తీరమున గాలిని అడ్డు సరుగుడు తోపులను ఇందులకై నరుకనీయకుడు. ఆ తోపులే ఊరికి ఊత.

తుఫానుల కాలమునకు ముందే ప్రతి సభ్యుడును తన వార్డులోని పాఠశాలలో ఈ పని చేయించునని ఆశించుచున్నాను.