తాళం వెయ్యకుండానే చందా



ముందు ఒక సంగతి తేల్చేద్దాం. "నెట్‌లో ఊరికే దొరికేదానికి డబ్బులెవరిస్తారండీ?" ఎక్కడికి పోయినా ఇదే ప్రశ్న. ఇంకొకాయన లేచి, "ప్రకటనలు పెట్టుకుంటే సరి" అంటారు. రెండూ తప్పే! ప్రకటనల డబ్బు లక్షల మంది చూసేవాటికే గిట్టుబాటు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి పొలాల్లో వారం తిరిగి రాసిన వ్యాసానికి వచ్చేది చిల్లరే.

ఇచ్చేది పాఠకుడే. అడగాలి, అంతే. నమ్మకపోతే మీ మునగాలనే చూడండి. సూర్యాపేట నుంచి కోదాడ పోతూ రోజూ దాటిపోయే ఊరే కదా! మునగాల సంస్థానం దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి అనే ప్రచురణ సంస్థ పెట్టారు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు, రావిచెట్టు రంగారావు గారు వెన్నుదన్నుగా నిలిచారు. మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. తర్వాత చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలు. తెలుగులో అలాంటివి ఎవరు కొంటారని అనుకునే కాలంలో చందాదారులు చేరారు, పుస్తకాలు వచ్చాయి. ఆ పాత ప్రతుల స్కాన్లు ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఆనాడు ఎవరో కట్టిన చందాతో వచ్చిన పుస్తకాలను ఇప్పుడు మీ పిల్లలు పైసా ఇవ్వకుండా చదువుకోవచ్చు. కొందరు కడితే అందరికీ అందడమంటే ఇదే!

 ఈ కాలపు ఉదాహరణలు కొన్ని గబగబా చెప్తాను. ఇంగ్లండులో గార్డియన్ పత్రిక వెబ్‌సైటుకు తాళం వెయ్యకుండానే పాఠకుల్ని డబ్బు అడుగుతోంది. నవలా రచయిత కోరీ డాక్టరో 2003లో తొలి నవలను అంగళ్లలో అమ్ముతూనే నెట్‌లో ఉచితంగా పెట్టాడు. నెట్‌లో పెడితే 'ఎత్తుకుపోతారు' అనే భయమా? రచనలు పంచుకోవడానికి ఉన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో వాణిజ్యేతర లైసెన్సు ఉంది: పేరు చెప్పి ఎవరైనా పంచుకోవచ్చు, అచ్చేసి అమ్ముకోవాలంటే మాత్రం మీ అనుమతి కావాలి. 1998 నుంచి 'ఈమాట' వెబ్ పత్రిక ఉచితంగానే వస్తోంది. అది నడిపేవాళ్ల సేవకు దండం పెడతాను, కానీ ఇంటి అద్దె కట్టాల్సిన రచయితకు ఆ దారి కుదరదు. ఛాయ్ బండికి ఉన్న క్యూఆర్ కోడ్ వ్యాసం కింద ఎందుకుండకూడదు? రచయితలూ, మొహమాటం మానండి.

పాఠకులూ, ఈ రాత్రి ఇంటికి పోయాక మీరు ఊరికే చదివే ఒక తెలుగు రచయితకు వంద రూపాయలు పంపండి.