పొట్లం కాగితాల నుంచి పుస్తకం దాకా

(సావిత్రీబాయి ఫూలే జయంతి నాడు దళితవాడలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దంతా పత్తి తీసొచ్చి, పొయ్యి కూడా రాజెయ్యకుండా ఇక్కడ కూచున్న తల్లులకు దండాలు. ఇవాళ నేను చెప్పేది మీలాంటి ఒక తల్లి సంగతే. ఆమె పేరు బేబీ కాంబ్లే. మహారాష్ట్రలోని వీర్‌గావ్‌లో 1929లో మహర్ల ఇంట పుట్టింది. చదివింది నాలుగో తరగతి. పదమూడేళ్లకే పెళ్లి చేశారు. ఆమె మరాఠీలో రాసిన ఆత్మకథ ‘జిణ ఆముచ’. అంటే ‘మా బతుకు’. 1986లో పుస్తకంగా వచ్చింది. 2008లో ఇంగ్లీషులోకి పోయింది.

ఆ పుస్తకం ఎట్లా పుట్టిందో వినండి. ఫల్టణ్ పట్టణంలో మొగుడూ పెళ్లాలు చిన్న కొట్టు పెట్టుకున్నారు. సరుకులు పొట్లం కట్టను పాత పేపర్లు వచ్చేవి. కట్టేముందు ఆమె ఆ ముక్కలు చదివేది. వచ్చిన నాలుగక్షరాలు పోకుండా అట్లా కాపాడుకుంది. తర్వాత తనే రాయడం మొదలుపెట్టింది. ఇంట్లో మగవాళ్లు చూస్తే ఏమంటారోనన్న భయంతో రాసిన కాగితాలు దాచిపెట్టింది. ఒకరోజు, రెండ్రోజులు కాదు, ఇరవై ఏళ్లు దాచింది!

ఏం రాసింది? చచ్చిన గొడ్డు కోసం ఎదురుచూసిన ఆకలి రాసింది. ఊరి చాకిరీ చేసి, ఇంటింటికీ తిరిగి రొట్టెముక్కలు తెచ్చుకున్న బతుకు రాసింది. పురిట్లో తిండిలేక చచ్చిన పసితల్లుల గురించి రాసింది. మన ఇళ్లల్లో అత్తలు కోడళ్లను పెట్టిన హింసను కూడా దాచలేదు. పైకులాలోళ్ల మీద మాట్లాడటానికి ఒక ధైర్యం కావాలి. మనింటి తప్పును నలుగుట్లో పెట్టటానికి ఇంకో ధైర్యం కావాలి. ఆమెకు రెండూ ఉన్నాయి. ఆత్మకథ అన్నమాటేగానీ అందులో ‘నేను’ తక్కువ, ‘మేము’ ఎక్కువ.

ఇంత దుఃఖం రాసిన మనిషికి ఆశ ఎక్కణ్ణుంచి వచ్చింది? బాబాసాహెబ్ జెజురికి వచ్చి, చచ్చిన గొడ్డు తినొద్దు, పిల్లల్ని బడికి పంపండి అని ఆడవాళ్లకు చెప్పిన సంగతి పుస్తకంలో ఉంది. ఆ తల్లులు విన్నారు. పూటకు గతిలేకున్నా పిల్లల్ని బడికి తోలారు. బళ్లో పైకులాల పిల్లలు ముక్కులు మూసుకుంటే మన పిల్లలు ఎదురుతిరిగారు. పస్తుండి పిల్లను బడికి పంపిన తల్లికి రేపటి మీద నమ్మకం ఉన్నట్టే గదా!

ఆమె పుస్తకం రాసి ఊరుకోలేదు. ఫల్టణ్ దగ్గర నింబురెలో వెనుకబడిన కులాల పిల్లలకు ఆశ్రమ పాఠశాల నడిపింది. 2012లో కన్నుమూసింది. చదువుకొని, ఉద్యోగాలొచ్చి, వాడ మొహం చూడని మనవాళ్లకు పుస్తకంలో గట్టిగానే చీవాట్లు పెట్టింది. నాలాగా ఇంట్లో మొదట డిగ్రీ చదివిన నౌకరీదారులంతా ఆ మాటలు వినాలి.

ఇక మన సంగతి. పత్తి తీతలు రాగానే ఆడపిల్లల పుస్తకాలు అటకెక్కుతున్నాయి. పండక్కి బడి వదిలిన పిల్ల మళ్లీ బడికి రావటంలేదు. కూలి డబ్బులు అవసరమే, కాదన్ను. కానీ ఏడులో ఆపిన పిల్లకు పద్నాలుగేళ్లకే సంబంధం చూస్తున్నారు. పది పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి మాన్పించమని ఈ సభలో మాటివ్వండి.

చదువుకునే పిల్లలకు ఇంకొక పని. ఒక నోటుబుక్కు తీసుకొని మీ నాయనమ్మ పక్కన కూచోండి. వెట్టి చేసినప్పుడు ఎన్ని గింజలు కొలిచారు, ఎవరు కొట్టారు, ఎవరు తిరగబడ్డారు, అన్నీ అడిగి రాయండి. మన తాతల పేర్లు దొరల అప్పుపద్దుల్లో తప్ప ఇంకెక్కడున్నాయి? నాయనమ్మ పోతే ఆ కథ కూడా పోతుంది. మళ్లీ నెల సభకు రాసినకాడికి తీసుకురండి. అందరం కూచొని చదువుకుందాం.

జై భీమ్!