చిన్నమెదడు - మనిషి స్వభావము



కల్లు త్రాగినవాని నడక మీరందరును చూచియే యుందురు. అడుగు ఒకచోట వేయబోయి మరొకచోట వేయును. చెంబు అందుకొనబోయి దొర్లించును. తల వెనుక, మెడకు పైభాగమున నున్న చిన్నమెదడుపై మత్తు పనిచేయుటయే దీనికి ముఖ్యకారణము. నడకలో తూకమును, చేతిపనిలో నేర్పును నిలుపునది ఆ చిన్నమెదడే. అంతకుమించి దానికి వేరు పని లేదని వైద్యులు చాలకాలము తలచిరి.

ఆ తలపు సరికాదని ఇప్పుడు తెలియుచున్నది. బరువునుబట్టి చిన్నమెదడు మొత్తము మెదడులో సుమారు పదోవంతు. కాని నాడీకణములను లెక్కించినచో నూటికి 80 వరకు అందులోనే కలవు. 1998లో అమెరికాలోని బోస్టన్ నగరమున జెరెమీ ష్మాహ్మన్, జానెట్ షెర్మన్ అనువారు చిన్నమెదడు దెబ్బతిన్న 20 మంది రోగుల సంగతి ప్రకటించిరి. వారిలో కొందరి ముఖమున సంతోషముగాని దుఃఖముగాని తోచకుండెను. కొందరు వయసుకు తగని చేష్టలు చేసిరి. మన యిండ్లలో ఇట్టి మార్పు కనబడినచో ఏమందుము? పొగరనియో, గాలి సోకినదనియో అందుము. తిట్టినవారికి గాని, తిట్లు తిన్న రోగికి గాని అసలు కారణము తెలియదు.

ఆ కారణమును వెదకుచు శాస్త్రజ్ఞులు కణములలోనికి పోయిరి. చిన్నమెదడులో తాటాకు విసనకఱ్ఱవలె శాఖలు పరచుకొన్న పెద్దకణములు కలవు. 1837లో వానిని వర్ణించిన బొహీమియా దేశీయుడు పుర్కినే పేరిటనే అవి ప్రసిద్ధములు. చిన్నమెదడు పైపొరనుండి వెలువడు సందేశములన్నియు వీనిగుండానే పోవలెను.

మాంసకృత్తులనగా పప్పులోను, పాలలోను ఉండునని వినియున్నారు. మనము తిన్నవి జీర్ణమై ముక్కలు కాగా, ఆ ముక్కలతో ప్రతి కణమును తనకు కావలసిన మాంసకృత్తులను తానే కట్టుకొనును. కొన్ని పని చేయునవి, కొన్ని కాలువకు తూమువలె పనిని అదుపులో నుంచునవి. హామార్టిన్ అట్టి తూము. అది లోపించినచో కణము హద్దుమీరి ఎదుగును. ఈ లోపమువలన కలుగు ట్యూబరస్ స్క్లెరోసిస్ అను వ్యాధిలో మూర్ఛలును, ఆటిజమును అధికము.

బోస్టన్ పరిశోధకులు చిట్టెలుకలలో ఒక్క పుర్కినే కణములనుండి మాత్రమే హామార్టిన్‌ను తొలగించి, ఫలితమును 2012లో ప్రకటించిరి. ఆ యెలుకలు తోటి యెలుకయందు ఆసక్తి చూపలేదు. తమ ఒంటినే మరల మరల దువ్వుకొనసాగెను. చిన్ననాటినుండి రాపమైసిన్ అను మందు ఇచ్చిన యెలుకలలో ఈ లక్షణములు రాలేదు. ఈ మందు చరిత్రయు చిత్రమైనది. పసిఫిక్ సముద్రమునందలి ఈస్టర్ ద్వీపమునుండి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి దీనిని ఇచ్చినది. కెనడాలో దీనిని వెలికితీసిన సురేంద్రనాథ్ సెహగల్ మన దేశమునుండి వెళ్లినవారే.

అయితే ఎలుక మనిషి కాదు. ఈ జాతి మందునే వ్యాధిగ్రస్తులకు ఇచ్చి చూడగా, ప్రవర్తన విషయమున ఆశించిన మేలు కనబడలేదు. పైగా అది రోగనిరోధకశక్తిని తగ్గించును. కనుక ఎవరును మందుల దుకాణమునకు పోయి అడుగరాదు. పప్పు ఎక్కువ తిన్నచో కోపము తగ్గునా యని అడుగువారు కలరు. తగ్గదు, పప్పు దేహపుష్టికి మంచిదే, తినవచ్చును.

మీ యింట ఎవరికైనను ఉన్నట్టుండి తల తిరిగి, వాంతులై, నడక తూలినచో ఒక్క పూటయు ఆగక ఆసుపత్రికి కొనిపోవుడు. తలకు దెబ్బ తగిలిన పిమ్మటగాని, పక్షవాతము వచ్చిన పిమ్మటగాని మనిషి తీరు మారినచో, కాలు తడబడుచున్నదని మాత్రమే వైద్యునికి చెప్పి ఊరకుండవలదు. మాట తగ్గినదా, నవ్వు పోయినదా, పిల్లలను పలుకరించుట మానినాడా, అది ఏ దినమున మొదలైనది - ఇవియు చెప్పుడు. రోగి తనంతట తాను ఇవి చెప్పుకొనలేకపోవచ్చును. ప్రక్కనున్న మీరే చెప్పవలెను.