ముహూర్త నిర్ణయము - మన సీమ లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్యములుగాని జ్యోతిషముగాని నేను గురుముఖమున నేర్చినవాడను గాను. ఈ గ్రంథాలయపు బీరువాలే నాకు పాఠశాల. కావున పండితునివలె గాక, వ్రాసిన అంకెను మరల సరిచూచు అలవాటు గలవానివలె ముహూర్త విషయమున నాలుగు మాటలు మనవి చేసెదను. ముహూర్తములను నమ్మవలెనా, మానవలెనా యను వాదమునకు నేను దిగను. నా మనవి ఒక్కటే. ముహూర్తము ఒక లెక్క. లెక్క యనిన పిమ్మట అది ఏ యూరిది, ఏ పనికి, ఎవరి ఖర్చుతో అను మూడు ప్రశ్నలు అడుగక తప్పదు.

మొదట కొలతలు చెప్పెదను. మన పూర్వులు పగలు రాత్రి కలిపి అరువది ఘడియలుగా పంచిరి. ఘడియ యనగా నేటి 24 నిమిషములు. రెండు ఘడియలు ఒక ముహూర్తము, అనగా 48 నిమిషములు. అడుగున సన్నని రంధ్రము గల గిన్నెను నీటిపై విడిచి, అది మునుగువరకు పట్టు కాలమును ఘడియగా కొలిచెడివారు. మనము గోడకు తగిలించు గడియారమునకు ఆ ఘడియయే పేరిచ్చినది. చంద్రుడు సూర్యునికంటె 12 భాగలు ముందునకు జరుగుటకు పట్టు కాలము తిథి. ఆకాశచక్రమును ఇరువది యేడు పాళ్లు చేయగా వచ్చిన ఒక్కొక్క పాలు నక్షత్రము. చంద్రుని నడక ఎల్లప్పుడు ఒకే వేగముగా నుండదు గనుక తిథి ఒకప్పుడు ఇంచుమించు 20 గంటలే యుండును. ఒకప్పుడు 27 గంటలకు చేరువగును. తూర్పున ఉదయించుచున్న రాశి లగ్నము. అది సుమారు రెండు గంటలుండును. దానిలో తొమ్మిదవ పాలు నవాంశ, అనగా సుమారు 13 నిమిషములు.

ఇందు ఒక భేదమును గుర్తింపవలెను. తిథి నక్షత్రములు ఆకాశమునకు చెందినవి. అవి దేశమంతటికి ఒకే క్షణమున మారును. సూర్యోదయము, లగ్నము, మధ్యాహ్నము, రాహుకాలము ఊరికి చెందినవి; ఊరు మారిన అవియు మారును. ఈ భేదమును పూర్వ గణకులు బాగుగ నెరుగుదురు. అందులకే దేశాంతర సంస్కారమను లెక్కను ఏర్పరచిరి. మనము పంచాంగమును కొని తెచ్చుకొంటిమి గాని ఆ సంస్కారమును అంగడిలోనే మరచి వచ్చితిమి.

దానిని మన సీమకు అన్వయించి చూతము. భారత ప్రామాణిక కాలము 1906 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. అది 82½ భాగల తూర్పు రేఖాంశమునకు సరిపోవు కాలము. మన మదనపల్లె సుమారు 78½ భాగల రేఖాంశముపై నున్నది. భాగ ఒక్కంటికి నాలుగు నిమిషములు. భేదము నాలుగు భాగలు గనుక మన యూరి సూర్యుడు గడియారమునకు 16 నిమిషములు వెనుకబడి యుండును. పుంగనూరునకు ఇంచుమించు ఇదే లెక్క. కుప్పము మరికొంత పడమరగా నుండుటచే అక్కడ భేదము 16 నిమిషములకు కొంచెము పైన. నవాంశ 13 నిమిషములే యని చెప్పితిని గదా! రాజమహేంద్రవరము మనకంటె మూడు భాగలకు పైగా తూర్పున నున్నది. అక్కడికి గణించిన లగ్నమును మార్పు చేయకయే మదనపల్లె కల్యాణ మండపములో వాడినచో ఇంచుమించు ఒక నవాంశ తప్పిపోవును. జీలకఱ్ఱ బెల్లము ఒక్క నిమిషము ఆలస్యమైనదని వియ్యంకులు కన్నులెఱ్ఱ చేయుదురు; పదమూడు నిమిషముల తప్పును మాత్రము ఎవరును అడుగరు.

రాహుకాలమును చూడుడు. సోమవారము ఏడున్నర మొదలు తొమ్మిది వరకు అని మనకందరకు కంఠస్థము. ఆ పట్టిక ఆరింటికి ప్రొద్దు పొడిచి ఆరింటికి క్రుంకునని వ్రాసినది. అసలు సూత్రము పగటిని ఎనిమిది పాళ్లు చేయుమనుచున్నది. సోమవారమునకు రెండవ పాలు. జనవరి మధ్యకాలమున మన సీమలో ప్రొద్దు పొడుచుట గడియారమున సుమారు 6-40కి. అప్పుడు సోమవారపు రాహుకాలము సుమారు 8-10 మొదలు 9-35 వరకు నుండును. ఏడున్నరకు గడప దాటనివాడు తొమ్మిదియైనదని సంతోషముగా బయలుదేరి, ఆ సూత్రము ప్రకారమే రాహుకాలములో నడచుచున్నాడు! ఇన్నేండ్లుగా అట్లు నడచి క్షేమముగానే ఇల్లు చేరుచున్నాము గనుక, మన భయమునకు ఈ లెక్కతో సంబంధము తక్కువ యని తోచుచున్నది.

దినము ఎప్పుడు మారుననునది మరియొక చిక్కు. 1895 మే మాసమున మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి పుట్టినదినమును కొందరు 11వ తేదీ యనియు, కొందరు 12వ తేదీ యనియు వ్రాయుదురు. అర్ధరాత్రి దాటిన తరువాత వారు జన్మించిరి. సూర్యోదయముతో దినము మారునను మన లెక్కకు అది 11. అర్ధరాత్రితో మారునను లెక్కకు 12. రెండును తప్పు గావు. లెక్క మొదలుపెట్టిన చోటు వేరు, అంతే.

కుప్పము ప్రాంతమున ఇట్టి చిక్కు మాసములలోనే కలదు. అక్కడ తెలుగు, తమిళము, కన్నడము ఒకే వీథిలో వినబడును. వియ్యములును అట్లే కలియును. తెలుగువారిదియు, కన్నడిగులదియు చాంద్రమానము, తమిళులది సౌరమానము. మనకు ఆషాఢము శూన్యమాసము. వారికి ఆడి మాసమున పెండ్లి కూడదు. ఆడి జూలై మధ్య మొదలు ఆగస్టు మధ్య వరకు ప్రతియేట అక్కడనే యుండును. ఆషాఢము అట్లు గాదు. చాంద్ర సంవత్సరము 354 దినములే గనుక ఏటికి సుమారు 11 దినములు వెనుకకు జరుగుచు, అధిక మాసము వచ్చినప్పుడు మరల ముందునకు వచ్చును. 2023లో ఆషాఢము జూన్ 19న మొదలై జూలై 17తో ముగిసినది. వెంటనే అధిక శ్రావణము ఆగస్టు 16 వరకు నడచినది. ఆడి మాసము ఇంచుమించు ఆ అధిక శ్రావణముతోనే కలిసి నడచినది. ఆ యేడు ఆషాఢమును, అధికమును, ఆడిని అన్నిటిని పాటింపదలచిన యింటికి రెండు నెలలు పెండ్లి మాటయే లేదు. ఆకాశముననే దోషమున్నచో అది ఒకే దినమున ఇరువురకు ఉండవలెను గదా! జూన్ చివర ఆషాఢమని తెలుగిల్లు ఆగియుండగా, ప్రక్కనున్న తమిళ యిల్లు తమ ఆని మాసమున నిశ్చింతగా పందిరి వేసినది. కావున ఇది ఆచారమే గాని గ్రహముల ఆజ్ఞ గాదని ఆ వీథియే మనకు పాఠము చెప్పుచున్నది. ఆచారమును గౌరవింపవచ్చును, దానికి భయపడ నక్కరలేదు.

ఇక తారాబలము. జన్మనక్షత్రము మొదలు ఆనాటి నక్షత్రము వరకు లెక్కించి తొమ్మిదిచే భాగింపగా మిగిలిన సంఖ్యను బట్టి ఫలము చెప్పుదురు. మూడు విపత్తార, ఐదు ప్రత్యక్తార, ఏడు నైధనతార. ఈ మూడును విడువవలె నందురు. ఒక్కరికి చూచినచో తొమ్మిదింట ఆరు మిగులును. వధూవరులిరువురకు చూచినచో, వారి నక్షత్రముల నడిమి దూరమును బట్టి ఆరు మొదలు మూడు వరకు మిగులును. దానిపై శూన్యమాసములు, గురు శుక్ర మౌఢ్యములు, అధిక మాసములు తీసివేయుడు. ఏటికి మిగులునవి కొలది దినములు. ఆ దినములలోనే సీమలోని పెండ్లిండ్లన్నియు పడును.

దీని ఖర్చు ఎవరు భరించుచున్నారు? అది నా వృత్తికి చెందిన ప్రశ్న గనుక చెప్పెదను. ఒకే దినమున నూరు పెండ్లిండ్లు పడినప్పుడు మండపపు అద్దె, మేళగాండ్ర కూలి, వంటవారి కూలి, పూలవెల అన్నియు పెరుగును. టమాట ధర పడియున్న నెలలో ముహూర్తము వచ్చినను రైతు ఆగలేడు. దొరికిన వడ్డీకి అప్పు తెచ్చును. మా యెరుకలో ఒక రైతు, మరల ఆరు నెలల వరకు లగ్నము లేదని విని, పంట చేతికి రాకముందే కూతురు పెండ్లి చేసి, ఆ అప్పునకై రెండెకరముల మెట్ట విక్రయించెను. ముహూర్తము దివ్యమైనదే. భూమి మాత్రము తిరిగి రాలేదు. నీరుగట్టువారిపల్లె మగ్గములపై పట్టుచీర నేయువారికిని ఇదే కష్టము. పెండ్లిండ్ల నెలలలో రాత్రింబవళ్లు పని. మౌఢ్యము వచ్చినచో నేసిన చీర పెట్టెలో, పెట్టుబడి వడ్డీలో.

శాస్త్రము ఇంత కఠినమైనదా? కాదు. రామాయణమునే చూతము. దశరథుడు రామునకు పుష్యమీ నక్షత్రమున పట్టాభిషేకము నిశ్చయించెను. రాముని జన్మనక్షత్రము పునర్వసు గనుక పుష్యమి రెండవది, సంపత్తార. ఇంతకంటె మంచి లెక్క ఏమున్నది? ఐనను ఆనాడే రాముడు అడవికి పోయెను. మనుష్యుల మనస్సులు చెడినప్పుడు నక్షత్రము అడ్డుపడలేదు. మరల యుద్ధకాండమున, హనుమంతుడు లంక సమాచారము తెచ్చిన పిమ్మట, రాముడు తానే కాలము చూచెను. ఆనాడు ఉత్తర ఫల్గుని. పునర్వసునకు ఆరవది, సాధనతార. మరునాడు హస్త, అది ఏడవది, నైధనతార. మిట్టమధ్యాహ్నము, విజయ ముహూర్తము. నేడే బయలుదేరుదమని సుగ్రీవునితో చెప్పి సేనను నడిపించెను. కాలము చూచుట అతనిని ఆపలేదు, కదిలించినది. ముహూర్తము చూడదలచినవారికి ఇంతకంటె మంచి మేలుబంతి లేదు.

ఆ మధ్యాహ్న ముహూర్తమునే అభిజిత్తనియు చెప్పుదురు. పగటిని పదునైదు పాళ్లు చేయగా నడిమిది. దోషములను పోగొట్టునని పెద్దలు దీనికి గొప్ప చోటిచ్చిరి. ఇది ప్రతిదినము వచ్చును. పేదవాని వాకిటికిని వచ్చును. ఐతే మన మధ్యాహ్నము గడియారపు పండ్రెండు కాదు. సగటున 12-16. సూర్యుని నడకలోని హెచ్చుతగ్గుల వలన ఫిబ్రవరి మధ్యలో అది 12-30 వరకు జరుగును; నవంబరు ఆరంభమున ఇంచుమించు పండ్రెండింటికే యగును. దీనికి ఏ గ్రంథమును అక్కరలేదు. సమమైన నేలపై ఒక కఱ్ఱను నిట్టనిలువుగా నాటి, నీడ మిక్కిలి పొట్టియైన క్షణమును గుర్తించిన చాలును. పూర్వులు దానిని శంకువనిరి. పగలు రాత్రి సమమైన దినమున 12 అంగుళముల శంకువునకు మదనపల్లెలో మధ్యాహ్నపు నీడ సుమారు 2.9 అంగుళములు, కుప్పములో 2.7, రాజమహేంద్రవరములో 3.7. దానిని పలభ యందురు. మన యూరికి తన నీడ తనకున్నది.

కడపటి మాట అన్నిటికంటె ముఖ్యమైనది. 1962 ఫిబ్రవరిలో మకరరాశియందు ఎనిమిది గ్రహములు కూడినవి. ప్రళయము వచ్చునని దేశమెల్ల వణకినది, ఏమియు కాలేదు. ఆ భయము గడచిపోయినది. కాని నేడు మన యిండ్లలో అంతకంటె కీడుచేయు భయమొకటి ప్రవేశించినది. గర్భిణికి నొప్పులు రాకముందే, మంచి నక్షత్రమున బిడ్డ పుట్టవలెనని దినమును, గంటను వ్రాసికొని పోయి, ఆ వేళకు కోత కోయుమని వైద్యులను నిర్బంధించుచున్నారు. 39 వారములు నిండకముందు అవసరము లేని కోతవలన బిడ్డకు ఊపిరి తీయుట కష్టమగు ప్రమాదము పెరుగునని వైద్యశాస్త్రము నిర్ధారించినది. మరికొందరు, వర్జ్యము దాటవలెనని పాము కరచినవానిని ఇంటనే కూర్చుండబెట్టుదురు. వర్జ్యము నాలుగు ఘడియలు, అనగా 96 నిమిషములు. విషము ఆ లెక్కను చదువుకొనలేదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున శతాబ్దమునకు పూర్వమే క్షయ చికిత్సాలయము వెలసినది. దూరదేశములనుండి రక్తము కక్కుచు వచ్చిన రోగులకు వార తిథులు చూచు తీరిక ఎక్కడిది? త్వరగా చేరుటయే వారి శుభముహూర్తము. పుంగనూరు ఆవు ఈనునప్పుడు, పట్టుపురుగు గూడు కట్టినప్పుడు, చెట్టున టమాట పండినప్పుడు మనము పంచాంగము తెరువము, చేయి చాపుదుము. మనుష్య ప్రాణమునకు అంతకంటె తక్కువ విలువ కట్టకుడు.

ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమువారికి రెండు విన్నపములు. ఉగాదికి కొను పంచాంగపు అట్టపై, అది ఏ యూరికి గణించినదో, మన సీమకు ఎన్ని నిమిషములు సవరింపవలెనో వ్రాసి యుంచుడు. గ్రంథాలయపు ముంగిట ఒక శంకువును నాటింపుడు. బడిపిల్లలు ప్రతిదినము నీడను కొలిచి గోడమీద వ్రాయుదురుగాక. లెక్క నేర్చిన బిడ్డ రేపు తన యింట ముహూర్తము పెట్టునప్పుడు, అప్పు లేని దినమును, ఇరువైపులవారికి వీలైన దినమును మొదట చూచి, పిమ్మట నక్షత్రమును చూచును. ఆ వరుస నిలిచినచో పురోహితునకు గౌరవము తగ్గదు. రైతునకు భూమి తగ్గదు.