ముసలి గుర్రానికి ఒక తొట్టి నీళ్లు



ఆటోలొచ్చాక మన వైపు జట్కాలు పోయాయి. గుర్రమంటే ఇప్పుడు పెళ్లి ఊరేగింపే. కాలు కుంటితే వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఆదియాత్ సూరా పరుగెత్తే గుర్రాల మీద ప్రమాణంతోనే మొదలవుతుంది కదా!

1930లో కైరో వెళ్లిన డొరొతీ బ్రూక్ అనే ఆంగ్ల మహిళ, మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి బళ్లకు చేరిన ముసలి గుర్రాలను చూసింది. మరుసటేడు లండన్ పత్రికకు ఉత్తరం రాసి, వచ్చిన చందాలతో వాటిని కొన్నది. 1934లో ఉచిత ఆసుపత్రి పెట్టింది. నాకు నచ్చింది ఆ ఆసుపత్రే. కొనడంతోనే సరిపెడితే బండివాడు ఇంకొకటి తెచ్చి దాన్నీ అరగదీస్తాడు. వైద్యం దొరికితే ఉన్నదాన్నే కాపాడుకుంటాడు.

మనకు ముందు కావలసింది పందిరి, గడ్డి, నీళ్లు. గుర్రం రోజుకు 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది. హనుమంతునిపాడు ఎండల్లో అది చిన్న మాట కాదు. బక్కచిక్కినదానికి జాలిపడి ఒక్కసారే ఉలవలు పెట్టకండి, ప్రాణం పోవచ్చు. గడ్డితో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. గిట్టలు 6-8 వారాలకోసారి చెక్కించాలి.

అనాథ పిల్లల ఫీజులుండగా గుర్రాలేమిటి మాస్టారూ అంటారు. నేను జకాత్ అడగడం లేదు, అది మనుషుల హక్కు, ముట్టుకోవద్దు. సదఖా అడుగుతున్నాను. ఈ వేసవికి తొట్టి ఎవరు కట్టిస్తారో, నీళ్లు ఎవరు పోయిస్తారో చెప్పండి, పేర్లు రాసుకుంటాను.