తట్టు పోసిన బిడ్డ ఎందుకు చిక్కిపోతుంది?



తట్టు జబ్బు మీకు తెలిసిందే. కొన్ని చోట్ల పొంగు అంటారు. ముందు జ్వరం, దగ్గు. కళ్లు ఎర్రబడతాయి. మూడు నాలుగు రోజులకు ఒళ్లంతా ఎర్రని సన్న పొక్కులు. వారం పది రోజులకు అవన్నీ తగ్గుతాయి. కానీ బిడ్డను ఎత్తుకుంటే తేలిగ్గా ఉంటుంది. బుగ్గలు పోయి, పక్కటెముకలు కనిపిస్తాయి.

"తిండి తినలేదు కదా, అందుకే" అంటారు. అది సగం మాటే.

మన రక్తంలో తెల్లకణాలు ఉంటాయి. ఇవి ఒంటికి కావలివాళ్లు. తట్టు వైరస్ లోపలికి రాగానే ఇవి ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబురు రక్తంలో రసాయనాలుగా పోతుంది. మెదడుకు అందితే జ్వరం వస్తుంది, ఆకలి చచ్చిపోతుంది. కండకు అందితే కండ కరుగుతుంది. ఎందుకని? కొత్త కావలివాళ్లు లక్షల్లో పుట్టాలి. వాళ్లకు తిండి కావాలి. బయటి నుంచి రాకపోతే ఒళ్లు తన కండనే తీసి పెడుతుంది. కరువులో విత్తనాల గింజలు వండుకున్నట్టే ఇది. జ్వరం ఖర్చు వేరే. ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఒంటి ఖర్చు నూటికి సుమారు 10 పాళ్లు పెరుగుతుంది.

2019లో ఆస్ట్రియా దేశంలో, వియన్నాలోని శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టారు. వాళ్లు ఎలుకలకు వేరే వైరస్ ఎక్కించారు. ఎలుకలు చిక్కిపోయాయి, కొవ్వు కరిగిపోయింది. తెల్లకణాల్లో ఒక రకాన్ని తీసేసిన ఎలుకలు మాత్రం అలా చిక్కలేదు. అంటే చిక్కించింది వైరస్ ఒక్కటే కాదు, దానితో పోరాడే కణాలు కూడా. తట్టు బిడ్డల్లో అచ్చం ఇంతే అనడానికి లేదు గానీ, దారి తెలిసింది.

మరి కావలివాళ్లను ఆపేస్తే పోదా? ఆపితే వైరస్‌దే రాజ్యం. కావలివాళ్లకు కూడు పెట్టడమే మన పని.

ఇక్కడే పథ్యం పేరుతో బిడ్డ కడుపు మాడుస్తారు. పప్పు వద్దు, నూనె వద్దు, గుడ్డు వద్దు, ఉత్త గంజి చాలంటారు. అమ్మవారికి మొక్కుకోండి, వేపమండలు కట్టుకోండి. వాటితో బిడ్డకు చేటు లేదు. చేటల్లా పస్తులతోనే. చనుబాలు మానకండి. పప్పన్నంలో కాస్త నూనె వేసి మెత్తగా పిసికి, కొంచెం కొంచెంగా పలుమార్లు పెట్టండి. నోరు పూసి ఉంటే కారం, పులుపు వద్దు. జ్వరం పోయాక ఆకలి తిరిగొస్తుంది. అప్పుడు రెండు వారాలైనా రోజూ ఒక పూట ఎక్కువ పెట్టండి.

తట్టు వస్తే 'ఎ' విటమిన్ మందు అడగండి. వరుసగా రెండు రోజులు వేస్తారు. తట్టు రాకుండా టీకా 9 నెలలు నిండగానే ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య మరొకటి.

తట్టు పోయాక కూడా కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి కావలి బలహీనంగానే ఉంటుంది. విరేచనాలు, ఊపిరితిత్తుల జబ్బు అప్పుడు కూడా రావచ్చు. బిడ్డ ఎగఊపిరి పీలుస్తున్నా, పాలు తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి.